రన్నర్ బేస్ కొట్టేస్తే తప్పు క్యాచర్‌దా, పిచ్చర్‌దా?

ఫ్రిస్కో_నాన్న:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి బేస్‌బాల్‌లో క్యాచర్, అంటే క్రికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చుని పిచ్చర్ (బౌలర్ లాంటివాడు) వేసిన బంతి పట్టేవాడు. పన్నెండేళ్ళ దాకా లిటిల్ లీగ్‌లో ఆడినప్పుడు రన్నర్లకి లీడ్ తీసుకునే, అంటే బేస్ వదిలి ముందే కాస్త జరిగి నిలబడే వీలు లేదు. పిచ్చర్ వేసిన బంతి బ్యాటర్ దగ్గరికి చేరేదాకా బేస్ మీద కాలు ఉంచాల్సిందే. కాబట్టి స్టీల్స్ (పిచ్చర్ బంతి వేస్తుండగానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరిపోవడం) గురించి అంత టెన్షన్ ఉండేది కాదు. ఈ సీజన్ నుంచి 50/70 గ్రౌండ్‌లోకి మారాడు, అంటే పిచ్చర్ 50 అడుగుల నుంచి వేస్తాడు, బేస్‌కీ బేస్‌కీ మధ్య 70 అడుగులు. ఇక్కడ లీడ్‌కి అనుమతి ఉంది. ఇంకేముంది, మొదటి బేస్ మీద నిలబడ్డ ప్రతివాడూ నాలుగైదు అడుగులు పక్కకి జరిగి, పిచ్చర్ కదలగానే రెండో బేస్‌కి పరుగు అందుకుంటున్నాడు.

నన్ను బాధపెడుతున్న సంగతేంటంటే, రన్నర్ సేఫ్ అయిన ప్రతిసారీ స్టాండ్స్‌లో అందరి చూపూ మావాడి మీదే. "క్యాచర్ చెయ్యి చాలట్లేదు" అని పెద్దవాళ్ళే పైకి అనేస్తున్నారు. వాడు ఇంటికి వచ్చాక కూడా అదే ఆలోచిస్తూ కూర్చుంటున్నాడు. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాడిని. అక్కడ నాన్-స్ట్రైకర్ ముందే క్రీజు వదిలితే బౌలర్ బెయిల్స్ లేపేయొచ్చు, ఆ తప్పు బ్యాటర్‌ది. ఇక్కడేమో ముందే జరిగి నిలబడటం ఆటలో భాగం, ఆపాల్సిన బాధ్యత ఫీల్డింగ్ జట్టుది. ఇందులో పిచ్చర్ వాటా ఎంత, క్యాచర్ వాటా ఎంత? నిజంగా మావాడి చెయ్యే కారణమైతే ప్రాక్టీస్ చేయిస్తాను. కాకపోతే ఆ మాట వాడికి గట్టిగా చెప్పాలి. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

రెండో_బేస్:

అన్నా, ముందు గడియారం లెక్క చూద్దాం, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. పెద్ద లీగ్ కొలతలు చెబుతాను, మీ గ్రౌండ్‌కి తగ్గట్టు మీరు తగ్గించుకోండి.

మంచి రన్నర్ పదకొండు, పన్నెండు అడుగుల లీడ్ తీసుకుంటాడు. 90 అడుగుల్లో అది పోగా మిగిలేది 78 అడుగులు. కదిలిన క్షణం నుంచి స్లైడ్ చేసి రెండో బేస్ తాకేదాకా అతనికి దాదాపు 3.3 నుంచి 3.5 సెకన్లు పడుతుంది. ఇప్పుడు బంతి వైపు చూడండి. పిచ్చర్ మొదటి కదలిక నుంచి బంతి క్యాచర్ మిట్‌లో (గ్లవ్‌లో) పడేదాకా 1.3 సెకన్లు అయితే బాగున్నట్టు. అక్కడి నుంచి క్యాచర్ బంతిని బయటికి తీసి విసిరి, అది రెండో బేస్ దగ్గర ఫీల్డర్ గ్లవ్‌లో పడేదాకా పట్టే సమయాన్ని పాప్ టైమ్ అంటారు. ప్రొఫెషనల్స్‌లో సగటు 2.0 సెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఫిలడెల్ఫియా క్యాచర్ జె.టి. రియల్‌మూటో మంచి ఊపులో ఉన్న రోజుల్లో 1.9 కంటే కిందకి తెచ్చాడు, లీగ్ మొత్తం మీద అది శిఖరం లాంటిది.

కలిపితే 1.3, 2.0, ఆ పైన ట్యాగ్ వేయడానికి (బంతి ఉన్న గ్లవ్‌తో రన్నర్‌ని తాకడానికి) కనురెప్పపాటు. అంటే రన్నర్‌కీ బంతికీ సరిసమానం. ఇప్పుడు పిచ్చర్ 1.3కి బదులు 1.5 తీసుకున్నాడనుకోండి. చూసేవాళ్ళకి ఆ తేడా తెలియను కూడా తెలియదు. కానీ మేజర్ లీగ్ ఆటగాడు పూర్తి వేగంలో సెకనుకి సగటున 27 అడుగులు పరిగెడతాడు. 0.2 సెకన్లంటే ఐదడుగుల పైమాటే. క్యాచర్ ఆ ఐదడుగులు వెనక్కి తేవాలంటే 1.8లో విసరాలి, ప్రపంచంలో అత్యుత్తమ క్యాచర్‌కి కూడా అది రోజూ అయ్యే పని కాదు.

అసలు క్యాచర్ 2.0 సెకన్లలో ఏముందో కూడా చూడాలి. మిట్‌లోంచి బంతి తీసి చేతిలోంచి వదలడానికి సుమారు ముప్పావు సెకను పోతుంది. మిగతాది బంతి గాల్లో ఉన్న సమయం. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) నుంచి రెండో బేస్‌కి 127 అడుగుల పైచిలుకు. 80 మైళ్ళ వేగంతో విసిరేవాడికీ 85 మైళ్ళతో విసిరేవాడికీ మధ్య, గాలి నిరోధం పక్కన పెట్టి లెక్క కడితే, తేడా దాదాపు 0.06 సెకను. రన్నర్ పరుగులో ఒకటిన్నర అడుగు. తీసిపారేయాల్సింది కాదు గానీ, స్టాండ్స్‌లో కూర్చుని "చెయ్యి చాలట్లేదు" అనేవాళ్ళు చూడాల్సిన చోటు అది కాదు. పాదాలు ఎంత చురుగ్గా సర్దుకున్నాడు, బంతి ఎంత తొందరగా చేతిలోకి మారింది, అదీ అసలు పని. మీ గ్రౌండ్‌లో హోమ్ నుంచి రెండో బేస్‌కి దాదాపు 99 అడుగులు, అక్కడ చేతి బలం పాత్ర ఇంకా తగ్గుతుంది.

ఒక పని చేయండి. తర్వాతి ఆటలో ఫోన్‌తో వీడియో తీసి, పిచ్చర్ కదిలినప్పటి నుంచి మిట్‌లో పడేదాకా ఒక లెక్క, మిట్ నుంచి రెండో బేస్ దాకా ఇంకో లెక్క విడివిడిగా తీయండి. ఎవరి వాటా ఎంతో అదే చెబుతుంది.

ఎడమచేతి_వాటం:

పైన చెప్పిన లెక్కకి నేను ఒకటి జోడిస్తాను. 1.3, 1.5 అనేవి పిచ్చర్ కదలడం మొదలుపెట్టాక వచ్చే అంకెలు. రన్నర్ గెలిచేది చాలాసార్లు అంతకంటే ముందు, పిచ్చర్ ఇంకా బంతి పట్టుకుని కదలకుండా నిలబడ్డప్పుడు. ఆ ఒకటి రెండు సెకన్లు నాకు బేస్‌బాల్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం, టీవీలో మాత్రం ఆ టైమ్‌లో రీప్లే వేసేస్తారు.

కుడిచేతి పిచ్చర్ సెట్ పొజిషన్‌లో మొదటి బేస్‌కి వీపు పెట్టి నిలబడతాడు. రన్నర్ అతని కాళ్ళు చూస్తాడు. ఎడమ మడమ ముందు లేస్తే బంతి ప్లేట్‌కే. వెనక ఉన్న కుడి మడమ ముందు కదిలితే తిరిగి మొదటి బేస్‌కి విసరబోతున్నట్టు. ఈ తేడా రన్నర్‌కి ఎంత ముందు దొరికితే అన్ని అడుగులు లాభం. కొంతమంది పిచ్చర్లకి తెలియని అలవాట్లు ఉంటాయి. ప్లేట్‌కి వేసే ముందు గడ్డం కిందకి దించుతారు, లేదా భుజం కొంచెం లోపలికి తిప్పుతారు, లేదా ప్రతిసారీ సరిగ్గా ఒకే వ్యవధి ఆగి కదులుతారు. ఈ చివరిది చాలా ప్రమాదం. మంచి రన్నర్ మనసులో ఒకటి రెండు లెక్కపెట్టుకుని, పిచ్చర్ కదలకముందే బయల్దేరిపోతాడు.

ఎడమచేతి వాళ్ళు మొదటి బేస్‌కి ఎదురుగా నిలబడతారు. కుడి కాలు పైకెత్తినప్పుడు ప్లేట్‌కి వేస్తాడో, బేస్‌కి విసురుతాడో ఆఖరి క్షణం దాకా తెలియనివ్వరు. న్యూయార్క్ యాంకీస్‌లో ఆండీ పెటిట్‌ది అలాంటి మూవ్, రన్నర్లు బేస్‌కి అంటుకుని ఉండేవాళ్ళు. కానీ దీనికీ హద్దులున్నాయి. విసరాలనుకుంటే కాలు నేరుగా ఆ బేస్ వైపు వేయాలి. ప్లేట్‌కి వేసే కదలిక మొదలుపెట్టి మధ్యలో ఆపకూడదు. ఆపితే బాక్, రన్నర్‌కి ఒక బేస్ ఉచితం. పిచ్చర్ మోసం చేయొచ్చు, కానీ గీసిన గీత లోపలే చేయాలి.

ఆ మూవ్ లేకపోతే ఏమవుతుందో జాన్ లెస్టర్‌ని చూస్తే తెలుస్తుంది. ఎడమచేతి వాటం, గొప్ప పిచ్చర్, ఛాంపియన్ జట్లలో ఆడాడు. కానీ మొదటి బేస్‌కి బంతి విసరడం అతనికి మానసికంగా అడ్డం పడింది. 2014 సీజన్ మొత్తంలో ఒక్క పికాఫ్ (రన్నర్‌ని పట్టడానికి బేస్‌కి విసరడం) కూడా ప్రయత్నించలేదు. ఆ ఏడాది వైల్డ్ కార్డ్ మ్యాచ్‌లో (ఓడితే సీజన్ అయిపోయినట్టే) ఓక్‌లాండ్ తరఫున ఇతను, ఎదురుగా పరుగుకి పేరుపడ్డ కాన్సస్ సిటీ రాయల్స్. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి ఓక్‌లాండ్ 7-3తో ముందుంది. చివరికి రాయల్స్ 12 ఇన్నింగ్స్‌లో 9-8తో గెలిచారు, ఆ రాత్రి మొత్తం 7 బేస్‌లు కొట్టేసి పోస్ట్‌సీజన్ రికార్డుని సమం చేశారు. అన్నీ లెస్టర్ మీదే కావు. అయినా బంతి వెనక్కి రాదని తెలిసిన జట్టు ఎంత ధైర్యంగా పరిగెడుతుందో ఆ మ్యాచ్ చూస్తే అర్థమవుతుంది.

ఫ్రిస్కో_నాన్న:

ఇద్దరికీ చాలా థాంక్స్. మడమల సంగతి మావాడికి చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు, ఇప్పుడు తను రన్నర్‌గా ఉన్నప్పుడు వాడుకుంటానంటున్నాడు. ఇంకో సందేహం. రన్నర్ అంత దూరం జరిగితే పిచ్చర్ వరసపెట్టి మొదటి బేస్‌కి విసురుతూనే ఉండొచ్చు కదా? విసుగొచ్చి వాడే వెనక్కి వెళ్తాడు. మేజర్ లీగ్ మ్యాచుల్లో ఒకటి రెండు సార్లు విసిరి ఆపేస్తున్నారెందుకు?

విజ్జి_బోస్టన్:

ఒకప్పుడు అలాగే చేసేవాళ్ళండీ. 2023లో రూల్ మారింది. ఇప్పుడు ఒక బ్యాటర్ ఆడుతున్నంత సేపట్లో పిచ్చర్ రబ్బర్ (కాలు ఆనించి బంతి వేసే పలక) మీంచి కాలు తీయడం గానీ, బేస్‌కి విసరడం గానీ రెండుసార్లే ఊరికే చేయగలడు. మూడోసారి చేస్తే రన్నర్‌ని అవుట్ చేసి తీరాలి, లేదంటే బాక్. రన్నర్ ముందుకి ఒక బేస్ కదిలితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అంటే రెండు విసుర్లు అయిపోయాక పిచ్చర్ చేతులు కట్టేసినట్టే, రన్నర్ ఇంకో అడుగు ధైర్యంగా జరుగుతాడు.

దానితోపాటే పిచ్ క్లాక్, అంటే బంతి వేయడానికి గడువు పెట్టే గడియారం వచ్చింది. రన్నర్లు ఉన్నప్పుడు మొదట 20 సెకన్లు ఇచ్చారు, 2024 నుంచి 18. గడియారం రన్నర్‌కి కూడా కనిపిస్తుంది. ఇంకో సెకనో రెండో మిగిలినప్పుడు పిచ్చర్ ఎలాగూ కదలాల్సిందే. పైన చెప్పిన "ఎంతసేపు పట్టుకుంటాడో తెలియకుండా ఉంచడం" అనే ఆయుధం కూడా సగం మొద్దుబారింది. బేస్‌ల సైజు కూడా 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకి పెంచారు, దానివల్ల మొదటి బేస్‌కీ రెండో బేస్‌కీ మధ్య దూరం నాలుగున్నర అంగుళాలు తగ్గింది. ఫలితం చూడండి: 2022లో లీగ్ మొత్తం 2,486 స్టీల్స్, 2023లో 3,503. ప్రయత్నించినవాళ్ళలో 80 శాతం పైగా సేఫ్, అంతకుముందు ఎప్పుడూ అంత లేదు. అట్లాంటా ఆటగాడు రొనాల్డ్ అకూనా జూనియర్ ఆ ఒక్క ఏడాదే 41 హోమ్ రన్లు కొట్టి 73 బేస్‌లు కొట్టేశాడు.

మా ఊళ్ళో బేస్‌బాల్ మాట వస్తే ఎవరైనా చెప్పే స్టీల్ ఒకటుంది, మీ ప్రశ్నకి దానిలోనే జవాబు ఉంది కాబట్టి చెబుతాను. 2004 అక్టోబర్ 17, ఫెన్‌వే పార్క్. యాంకీస్‌తో సిరీస్‌లో మా బోస్టన్ రెడ్ సాక్స్ 0-3తో వెనకబడి ఉన్నారు, ఈ మ్యాచ్ పోతే ఇంటికే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 4-3తో యాంకీస్ ముందున్నారు, మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) మీద యాంకీస్ పిచ్చర్ మరియానో రివేరా. మావాడు కెవిన్ మిలార్‌కి వాక్ (నాలుగు తప్పు బంతులకి ఉచితంగా మొదటి బేస్) దొరికింది. అతని స్థానంలో పరిగెత్తడానికి డేవ్ రాబర్ట్స్‌ని దింపారు. రాబర్ట్స్ రెండో బేస్‌కి వెళ్తాడని స్టేడియంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. రివేరాకి తెలుసు, క్యాచర్ హోర్హే పొసాడాకి తెలుసు. రివేరా మొదటి బేస్‌కి ఒకసారి విసిరాడు, రెండోసారి విసిరాడు, మూడోసారి కూడా విసిరాడు. మూడుసార్లూ రాబర్ట్స్ వెనక్కి చేరుకున్నాడు. తర్వాత ప్లేట్‌కి వేసిన మొదటి బంతికే బయల్దేరాడు. పొసాడా త్రో బాగానే వచ్చింది, రెండో బేస్ దగ్గర డెరెక్ జీటర్ ట్యాగ్ వేశాడు, చెయ్యి ముందు తగిలిందా గ్లవ్ ముందు తగిలిందా అన్నంత దగ్గర. సేఫ్. బిల్ మ్యూలర్ సింగిల్ కొట్టాడు, రాబర్ట్స్ స్కోర్ చేసి మ్యాచ్ సమం చేశాడు, అర్ధరాత్రి దాటాక 12వ ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్‌తో గెలిపించాడు. ఆ సిరీస్ 4-3తో గెలిచి, 1918 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ కూడా గెలిచారు.

ఇప్పటి రూల్ అప్పుడు ఉండి ఉంటే రివేరా మూడో విసురే బాక్ అయ్యేది, రాబర్ట్స్ నడుచుకుంటూ రెండో బేస్‌కి వెళ్ళేవాడు. నాకు కొత్త రూల్ ఇష్టమే, ఆట చురుగ్గా సాగుతోంది, పరుగులు పెరిగాయి. కానీ ఆ మూడు విసుర్లు ఉన్నాయే, రన్నర్‌కి ఒక్కో విసురుతో కాళ్ళు వేడెక్కాయి, పిచ్చర్ ఎంత వేగంగా తిరుగుతున్నాడో కూడా తెలిసింది. వరసపెట్టి విసరడం వల్ల పిచ్చర్‌కే మేలని అనుకోకండి, తన మూవ్‌ని ప్రతిసారీ రన్నర్‌కి ఉచితంగా చూపిస్తున్నాడు.

కీపర్_రాజు:

అందరూ కలిసి క్యాచర్‌ని మరీ ప్రేక్షకుడిని చేసేశారు, నేను ఒప్పుకోను. పిచ్చర్ వాటా ఎక్కువే, కాదనను. కానీ క్యాచర్ విలువ అవుట్ల లెక్కలో కనిపించదు, అసలు జరగని స్టీల్స్‌లో కనిపిస్తుంది. సెయింట్ లూయిస్‌లో యాడియర్ మొలీనా 2004 నుంచి 2022 దాకా ప్లేట్ వెనక కూర్చున్నాడు, తొమ్మిది గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డులు) గెలిచాడు. అతని మీద పరిగెత్తడమే మానేశారు. మొదటి బేస్ మీద వేగమైన రన్నర్ ఉన్నా లీడ్ రెండడుగులు తక్కువ తీసుకునేవాడు, ఎందుకంటే మొలీనా కూర్చున్న చోటి నుంచే మొదటి బేస్‌కి విసిరి పట్టేయగలడు. ఇవాన్ రోడ్రిగెజ్ అయితే కెరీర్ మొత్తం మీద తన మీద ప్రయత్నించినవాళ్ళలో దాదాపు 46 శాతం మందిని అవుట్ చేశాడు. ఇది పిచ్చర్ల పుణ్యమే అంటే ఎలా?

విజ్జి గారు చెప్పిన కొత్త రూల్‌లో ఒక కిటికీ తెరిచి ఉంది, అది కూడా గమనించండి. రెండుసార్లు అనే పరిమితి పిచ్చర్‌కే. క్యాచర్ బంతి పట్టుకుని మొదటి బేస్‌కి ఎన్నిసార్లయినా విసరొచ్చు, లెక్కలోకి రాదు. పిచ్ పడ్డాక రన్నర్ ఇంకో రెండు మూడడుగులు ముందుకి ఊగి, బ్యాటర్ కొట్టలేదని తెలిశాక నింపాదిగా వెనక్కి వస్తుంటాడు కదా, సరిగ్గా ఆ నింపాది మీదే దెబ్బ కొట్టాలి. లెస్టర్ తర్వాత కబ్స్‌కి వెళ్ళినప్పుడు క్యాచర్ డేవిడ్ రాస్ అతని బదులు ఆ పని చేసిపెట్టేవాడు.

పైన చెప్పిన 2014 మ్యాచ్‌లో అసలు కథ సగం క్యాచర్‌దే. రాయల్స్ పరుగుని ఆపడానికి చేతి బలం ఉన్న జియోవనీ సోటోని ఓక్‌లాండ్ ఆ రోజు ఆడించింది. మొదటి ఇన్నింగ్స్‌లోనే అతని బొటనవేలికి దెబ్బ తగిలింది, కాసేపటికి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతే స్టీల్స్ మొదలయ్యాయి.

ఇంకోటి, బంతి ఏది అడగాలో కూడా క్యాచర్ చేతిలోనే ఉంది. కింద పడి బౌన్స్ అయ్యే కర్వ్‌బాల్ అయితే ప్లేట్‌కి చేరడమే ఆలస్యం, అందుకోవడం కష్టం, అక్కడి నుంచి లేచి విసరడం ఇంకా కష్టం. అందుకే రన్నర్ పరిగెత్తుతాడని అనుమానం వస్తే ఫాస్ట్‌బాల్ అడుగుతాడు. ఇది బ్యాటర్‌కి తెలుసు, అతను ఫాస్ట్‌బాల్ కోసమే కాచుకుని ఉంటాడు. అంటే రన్నర్ కదలకుండా నిలబడి కూడా బ్యాటర్‌కి సాయం చేస్తున్నాడు. ఇదే పందెం అనుకోండి, క్యాచర్ ప్రతి పిచ్‌కీ ఈ పందెం కాస్తాడు. మీ అబ్బాయి చేస్తున్న పని చెయ్యి విసరడం ఒక్కటే కాదని వాడికి చెప్పండి.

రెండో_బేస్:

రాజు అన్న చెప్పిన భయం సంగతి నిజం, నా లెక్కలో అది రాలేదు. రన్నర్ వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయమే సగం ఆట. ఒక స్టీల్ వల్ల జట్టుకి సుమారు 0.2 పరుగు లాభం, దొరికిపోతే 0.4 పైన నష్టం, ఎందుకంటే ఒక రన్నర్ పోయాడు, ఒక అవుట్ కూడా పోయింది. అందుకే పదిసార్లలో ఏడుసార్లు కంటే తక్కువ సేఫ్ అయ్యేవాడు పరిగెత్తకుండా ఉంటేనే జట్టుకి మంచిది. రికీ హెండర్సన్ 1982లో 130 బేస్‌లు కొట్టేసి ఆధునిక కాలపు రికార్డు పెట్టాడు, అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అదే ఏడాది 42 సార్లు దొరికిపోయాడు కూడా. ఇప్పటివాళ్ళు అలా దొరకడానికి ఇష్టపడరు. 2024లో షొహే ఒటాని 59 కొట్టేసి, దొరికింది నాలుగుసార్లే. యాదృచ్ఛికమో ఏమో గానీ అతని మేనేజర్ పైన విజ్జి గారు చెప్పిన డేవ్ రాబర్ట్సే.

వేగం లేనివాడు కూడా ఈ పని చేయగలడని చెప్పడానికి నాకు ఇష్టమైన పేరు జాష్ నేలర్. బొద్దుగా ఉంటాడు, పరుగు వేగంలో లీగ్ మొత్తానికి అట్టడుగు వరసలో ఉంటాడు. 2025లో అరిజోనాకీ సియాటిల్‌కీ ఆడి 32 ప్రయత్నాల్లో 30 స్టీల్స్ చేశాడు. కాళ్ళతో కాదు, కళ్ళతో. పిచ్చర్ అలవాటు పట్టేశాక, అతను కాలెత్తకముందే అడుగు వేస్తాడు. హువాన్ సోటో కూడా అంతే, పరుగులో సగటు కంటే బాగా కింద, అదే ఏడాది 38. మొదటి అడుగు పిచ్చర్ దగ్గర కొట్టేసినవాడిని క్యాచర్ ఎంత విసిరినా పట్టలేడు. అందుకే నా ఓటు ఇప్పటికీ పిచ్చర్ వైపే, కాకపోతే రాజు అన్న చెప్పినదాన్ని బట్టి ఇద్దరి మధ్య గీత నేను అనుకున్నంత ఖచ్చితంగా గీయలేం.

ఫ్రిస్కో_నాన్న:

వీడియో తీశాను. మా జట్టులో ఇద్దరు పిచ్చర్ల బంతులకి ఎక్కువగా మావాడే క్యాచర్. ఒకడు కాలు బాగా పైకెత్తి నిదానంగా వేస్తాడు, 1.7 సెకన్ల దగ్గర వస్తోంది. ఇంకొకడు 1.3 దగ్గర. మావాడి సమయం ఇద్దరికీ దాదాపు ఒకటే. స్టీల్స్ అన్నీ మొదటివాడు వేస్తున్నప్పుడే, రెండోవాడి మీద ప్రయత్నించిందే తక్కువ. మావాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండు వీడియోలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "వాడికి చెప్పొద్దు నాన్నా, ఫీలవుతాడు" అన్నాడు. వాడితో నేను చెప్పను గానీ కోచ్‌తో మాట్లాడాలనుకుంటున్నాను. ఆ పిల్లవాడిని కాలు తక్కువ ఎత్తమంటే సరిపోతుందా?

ఎడమచేతి_వాటం:

అలా నేలకి దగ్గరగా కాలు జరిపి వేయడాన్ని స్లైడ్ స్టెప్ అంటారు, 0.2 సెకన్ల దాకా మిగులుతుంది. కానీ పదమూడేళ్ళ పిల్లవాడికి అది హఠాత్తుగా నేర్పకండి. కాలు ఎత్తడంలోనే వాడి లయ, బలం ఉంటాయి. అది తీసేస్తే బంతి వేగం తగ్గుతుంది, గురి తప్పుతుంది, ఆ లోటు పూడ్చడానికి భుజం మీద భారం వేస్తాడు. స్టీల్ ఆపబోయి వాక్ ఇస్తే ఏం లాభం? అదీ ఒక బేసే.

అంతకంటే తేలికది ముందు అడగండి, బంతి పట్టుకునే సమయం మార్చమనండి. సెట్ అయ్యాక ఒకసారి వెంటనే వేయాలి, ఒకసారి మూడు లెక్కపెట్టాక, ఒకసారి అసలు వేయకుండా రబ్బర్ మీంచి కాలు తీసేయాలి. వేసే తీరు ఏమీ మారదు, రన్నర్ మాత్రం లెక్కపెట్టుకోలేడు, మొదటి అడుగు ఆలస్యమవుతుంది. ఎప్పుడు ఎంతసేపు పట్టుకోవాలో సైగ చేసే పని మీ అబ్బాయికి ఇవ్వమని కోచ్‌ని అడగండి. క్యాచర్‌కి రన్నర్ లీడ్ ఎదురుగా కనిపిస్తుంది, పిచ్చర్‌కి వీపు వెనక ఉంటుంది. తొడ మీద ఒక తట్టు అంటే వెంటనే వెయ్యి, రెండు తట్లు అంటే పట్టుకో. ఒక వారం ప్రాక్టీస్‌లో వచ్చేస్తుంది.

కీపర్_రాజు:

దీనికి నాదీ ఓటు. ఆ నిదానంగా వేసే పిల్లవాడి బంతులకి మీవాడు మొదటి బేస్‌కి కూడా అప్పుడప్పుడు విసరాలి, ముందే ఫస్ట్ బేస్‌మన్‌తో సైగ కుదుర్చుకుని. అవుట్ కాకపోయినా పర్లేదు, తర్వాతి పిచ్‌కి రన్నర్ అడుగు వెనక్కి తగ్గాడా లేదా అన్నది చూడండి. బంతి అవతల రైట్ ఫీల్డ్‌లోకి పోకుండా ఫస్ట్ బేస్‌మన్ ఎలా నిలబడాలో కోచ్ చూపించాక మొదలుపెట్టమనండి.